ఇంటి అక్వేరియంలో సీ అర్చిన్: నాచు తింటుందని కొనే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న వారిని మొదటి ఏడాదిలో ఎక్కువగా విసిగించేది నాచు. రాళ్ల మీద పచ్చని జుట్టులా పెరుగుతుంది, అద్దానికి పాకుడులా అంటుకుంటుంది, పగడాల మధ్యకు చొరబడుతుంది. చేత్తో పీకితే వారంలో మళ్లీ వస్తుంది. అప్పుడు దుకాణదారులు చూపించే పరిష్కారాల్లో సీ అర్చిన్ ఒకటి. గుండ్రంగా, ఒంటినిండా ముళ్లతో ఉండే ఈ జీవి రాత్రంతా రాళ్లను గీకి శుభ్రం చేస్తుంది.

అయితే అదే పని దాని ప్రాణం మీదికి తెస్తుంది. ట్యాంక్ శుభ్రపడిన కొద్దీ దాని తిండి తగ్గిపోతుంది. ఉప్పు శాతంలో చిన్న తేడా వచ్చినా తట్టుకోలేదు. చేపకు జబ్బు చేసిందని వేసిన మందు దాన్ని చంపేయవచ్చు. అందుకే కొనే ముందు ఈ జీవి గురించి కొంత తెలుసుకోవాలి.

సీ అర్చిన్ అంటే ఏ జీవి?

పాత ఇంగ్లిష్‌లో అర్చిన్ అంటే ముళ్లపంది. సముద్ర నక్షత్రాలు, సముద్ర దోసకాయలు ఉండే ఇఖైనోడర్మేటా వర్గానికే సీ అర్చిన్లూ చెందుతాయి. ప్రపంచ సముద్రాల్లో వీటి జాతులు దాదాపు 950 ఉన్నాయి. మెదడు లేదు, కళ్లు లేవు. ఒంటి మీద, ముఖ్యంగా నాళికా పాదాల్లో, వెలుతురును గుర్తించే కణాలు ఉంటాయి. నీడ పడగానే కొన్ని జాతులు ముళ్లను అటువైపు తిప్పుతాయి.

ముళ్ల కింద ఉండే గట్టి పెంకు కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతుంది. అందులో మెగ్నీషియం పాలు కూడా ఎక్కువే. నోరు అడుగు వైపు, మలద్వారం పైవైపు ఉంటాయి. నోట్లో ఐదు పళ్ల యంత్రం లాంటి నిర్మాణం ఉంటుంది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో ఈ జీవిని లాంతరుతో పోల్చాడు. ఆ పోలికతోనే ఈ నిర్మాణానికి అరిస్టాటిల్ లాంతరు అన్న పేరు స్థిరపడింది. ఆ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి రాయిని గీకినా అరిగిపోవు.

కదలడానికి వందల కొద్దీ నాళికా పాదాలు ఉంటాయి. వీటిలోకి నీటిని పంపుతూ, చివర ఉన్న చూషకాలతో అద్దాన్ని పట్టుకుని నిలువు గోడ కూడా ఎక్కగలదు. ముళ్ల మధ్యలో చిన్న పటకారుల్లాంటి అవయవాలు ఉంటాయి. ఒంటి మీద పడే చెత్తను, పరాన్నజీవులను అవి తొలగిస్తాయి.

ట్యాంక్‌లో ఏం చేస్తుంది, ఏం చేయదు?

రాయి మీద పలుచగా పరుచుకునే నాచును, జుట్టులా పెరిగే పచ్చ నాచును సీ అర్చిన్ బాగా తింటుంది. నత్తలు పైపైన మేస్తే, ఇది రాయి పై పొరతో సహా గీకుతుంది. అందుకే అది వెళ్లిన దారిలో తెల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది అందంగా ఉంటుందని ఇష్టపడి పెంచుకునే గులాబీ రంగు కోరలైన్ నాచును కూడా ఇది వదలదు.

ఎర్రటి జిగురు తెరలా పరుచుకునే సయనోబ్యాక్టీరియాకు, గోధుమ రంగు బుడగలతో కనిపించే డైనోఫ్లాజెలేట్లకు ఇది పరిష్కారం కాదు. నాచు పెరగడానికి మూలకారణం నీటిలో పేరుకునే నైట్రేట్, ఫాస్ఫేట్. చేపలకు మేత ఎక్కువ వేయడం, నీళ్లు మార్చకపోవడం వల్ల ఇవి పెరుగుతాయి. మూలం అలాగే ఉంటే ఎన్ని సీ అర్చిన్లను వేసినా నాచు మళ్లీ వస్తుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రాళ్ల మధ్య నుంచి వెళ్లేటప్పుడు అంటించని పగడపు ముక్కలను ఇది పడేస్తుంది. కొన్ని జాతులకు చిన్న గవ్వలు, రాళ్లు, నాచు ముక్కలను నెత్తిన మోసే అలవాటు ఉంది. ఎండ నుంచి, శత్రువుల నుంచి దాక్కోవడానికి అలా చేస్తాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇంటి ట్యాంక్‌లో మాత్రం ఆ నెత్తి మీదికి ఖరీదైన పగడపు ముక్కలు ఎక్కుతాయి. కాబట్టి పగడాలను జిగురుతో గట్టిగా అంటించుకోవాలి. యాక్రిలిక్ ట్యాంక్ అయితే దాని పళ్లకు గీతలు పడతాయి, గాజు ట్యాంక్ మేలు.

ఏ రకాలు ఇంటికి సరిపోతాయి?

టక్సీడో అర్చిన్: శాస్త్రీయ నామం మెస్పీలియా గ్లోబ్యులస్. ఇండో-పసిఫిక్ ప్రాంతానికి చెందింది. పొట్టి ముళ్లు, వాటి మధ్య మఖ్మల్ లాంటి నీలం లేదా నలుపు పట్టీలు ఉంటాయి. నిమ్మకాయ కంటే కొంచెం పెద్దదిగా పెరుగుతుంది. మొదటిసారి పెంచేవారికి సాధారణంగా దీన్నే సూచిస్తారు.

కలెక్టర్ అర్చిన్: ట్రిప్‌న్యూస్టిస్ గ్రాటిల్లా. నాచు తినడంలో దీనిది పెద్ద చేయి. కానీ 10 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. చిన్న ట్యాంక్‌లో ఉన్న నాచంతా కొద్ది రోజుల్లో ఖాళీ చేసి ఆకలితో మిగులుతుంది.

పొడవు ముళ్ల అర్చిన్: డయాడెమా సెటోసమ్. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ పగడపు దిబ్బల దగ్గర కనిపించే నల్లటి జీవి. ముళ్లు సన్నగా, పెళుసుగా, పెంకు కంటే ఎన్నో రెట్లు పొడవుగా ఉంటాయి. కొన్ని కార్డినల్ చేపలు ఆ ముళ్ల మధ్యే తలదాచుకుంటాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో, చిన్న ట్యాంక్‌లో ఇది వద్దు.

పెన్సిల్ అర్చిన్లు: లావుగా పెన్సిళ్లలా ఉండే ముళ్లు వీటి గుర్తు. వీటిలో కొన్ని నాచుతో ఆగవు, స్పాంజ్‌లను, పగడాలను కూడా కొరుకుతాయి. పగడాలున్న ట్యాంక్‌కు ఇవి సరిపోవు.

ఇంట్లోకి అసలు తేకూడనివి రెండు ఉన్నాయి. పువ్వులా కనిపించే టాక్సోన్యూస్టిస్ పైలియోలస్ మొదటిది, ఫైర్ అర్చిన్ అని పిలిచే ఆస్థెనోసోమా రెండోది. ఈ రెండింటి విషం మనిషికి తీవ్రమైన నొప్పి కలిగిస్తుంది.

విశాఖపట్నం తీరంలో రాళ్ల గుంతల్లో కనిపించే స్టోమోన్యూస్టిస్ వేరియోలారిస్ అలల తాకిడికి అలవాటు పడిన జాతి. చేతికి అందింది కదా అని దాన్ని ఇంటికి తెచ్చుకోవడం సరికాదు. అలలు, ఆక్సిజన్ నిండుగా ఉండే చోటుకు, గదిలోని ట్యాంక్‌కు చాలా తేడా ఉంటుంది.

నీళ్లు ఎలా ఉండాలి?

కొత్త ట్యాంక్‌లో సీ అర్చిన్ వేయకూడదు. బ్యాక్టీరియా స్థిరపడి, రాళ్ల మీద సహజంగా నాచు పెరగడానికి కనీసం ఆరు నెలలు ఆగడం మంచిది. చిన్న జాతి ఒకదానికి 100 లీటర్లకు తగ్గని ట్యాంక్ ఉండాలి. పొడవు ముళ్ల జాతులకు అంతకు రెట్టింపైనా కావాలి.

సాధారణంగా పాటించే కొలతలు ఇవి: ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్. సాపేక్ష సాంద్రత 1.024 నుంచి 1.026, అంటే కిలో నీటికి దాదాపు 35 గ్రాముల ఉప్పు. పీహెచ్ 8.1 నుంచి 8.4. క్షారత 8 నుంచి 11 డీకేహెచ్. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 మిల్లీగ్రాములు. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 10 మిల్లీగ్రాములకు మించకపోతే మంచిది.

కాల్షియం, మెగ్నీషియం, క్షారత పగడాలకే కాదు, ఈ జీవికీ అవసరం. పెంకు, ముళ్లు, పళ్లు అన్నీ వాటితోనే తయారవుతాయి. మెగ్నీషియం ఎక్కువగా ఉండే ఈ రకం కాల్షియం కార్బొనేట్ ఆమ్లత పెరిగితే త్వరగా కరుగుతుంది. అందుకే పీహెచ్ పడిపోకుండా చూసుకోవాలి.

రాగి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చేపలకు తెల్ల మచ్చల జబ్బు వస్తే రాగి కలిసిన మందులు వాడతారు. చేపలు తట్టుకునే ఆ మోతాదును వెన్నెముక లేని జీవులు తట్టుకోలేవు. మందు వేయాల్సి వస్తే చేపను వేరే ట్యాంక్‌లోకి మార్చి అక్కడే వేయాలి. ఒకసారి రాగి వాడిన ట్యాంక్‌లో రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. కుళాయి, బోరు నీళ్లు నేరుగా వాడకుండా ఆర్‌ఓ, డీఐ ఫిల్టర్ దాటిన నీటిలోనే సముద్రపు ఉప్పు కలుపుకోవాలి.

మే నెల ఎండ, కరెంటు కోత

హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో వేసవిలో బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. చిల్లర్ లేని ట్యాంక్‌లో నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. అదే సమయంలో జీవులకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది.

చాలామంది చిల్లర్ ఖరీదు చూసి ట్యాంక్ మీద ఫ్యాన్ పెడతారు. ఫ్యాన్‌తో నీరు చల్లబడుతుంది, కానీ త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. దాంతో లవణత పెరుగుతుంది. చేపలు మొప్పలు, మూత్రపిండాల సాయంతో ఒంట్లోని ఉప్పును సరిచేసుకుంటాయి. సీ అర్చిన్‌కు ఆ వీలు లేదు. చుట్టూ ఉన్న నీరు ఎంత ఉప్పగా ఉంటే దాని ఒంట్లోని ద్రవమూ అంతే ఉప్పగా మారుతుంది. తగ్గిన మేరకు రోజూ ఆర్‌ఓ మంచినీళ్లే కలపాలి, ఉప్పునీళ్లు కలపకూడదు. లవణతను రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోవాలి.

కరెంటు పోతే హీటర్ కంటే ముందు నీటి కదలిక గురించి ఆలోచించాలి. ఇన్వర్టర్‌కు కనీసం ఒక పంపు కలిపి ఉంచాలి, లేదా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు దగ్గర పెట్టుకోవాలి.

విశాఖ వంటి తీర నగరాల్లో సముద్రపు నీటినే తెచ్చి వాడే ఆలోచన కొందరికి వస్తుంది. వర్షాకాలంలో నదుల నీరు చేరడంతో బంగాళాఖాతం పైపొరలో ఉప్పు శాతం తగ్గుతుంది. తీరం దగ్గర మురుగు, నూనె కలిసే ప్రమాదమూ ఉంది. కాబట్టి ప్రతి నెలా ఒకే రకం నీరు దొరుకుతుందన్న నమ్మకం ఉండదు.

ఇంటికి తెచ్చిన రోజు

సంచిని ట్యాంక్‌లో 20 నిమిషాలు తేలనిచ్చి, కొత్త జీవిని వదిలేయడం చేపల విషయంలో చాలామంది చేసే పని. సీ అర్చిన్‌కు అది చాలదు. జీవిని సంచి నీటితో సహా ఒక డబ్బాలోకి మార్చాలి. ట్యాంక్ నుంచి సన్నటి గొట్టం పెట్టి, చుక్కలు చుక్కలుగా నీళ్లు పడేలా ముడి వేయాలి. గంట నుంచి రెండు గంటల పాటు ఇలా చేస్తే రెండు నీళ్ల లవణత దగ్గరకు వస్తుంది. ఆ తర్వాత గిన్నెతో నీటిలోంచి నీటిలోకే మార్చాలి. రాయికో అద్దానికో పట్టుకున్నప్పుడు బలంగా లాగితే నాళికా పాదాలు తెగిపోతాయి.

ట్రిగ్గర్ చేపలు, పఫర్ చేపలు సీ అర్చిన్లను తింటాయి. అవి ఉన్న ట్యాంక్‌లో దీన్ని వేయకూడదు. పంపుల నోటికి జాలీ కట్టడం మరచిపోకూడదు.

ఆకలితో చనిపోతున్నా కనిపించదు

సీ అర్చిన్ విషయంలో పెంపకందారులు తరచూ చేసే పొరపాటు దానికి వేరే మేత అక్కర్లేదనుకోవడం. నాచు తగ్గిందని సంతోషించే రోజు నుంచే దానికి తిండి పెట్టడం మొదలుపెట్టాలి. చేపలా అది అద్దం దగ్గరికి వచ్చి మేత అడగదు. తిండి లేక ఒంట్లోని నిల్వలను వాడుకుంటూ నెలల తరబడి నెట్టుకొస్తుంది. పెంకు గట్టిగా ఉంటుంది కాబట్టి లోపల చిక్కిపోయిన సంగతి బయటికి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

సుషీకి వాడే నోరి రేకులు తేలికైన మేత. ఉప్పు, నూనె, మసాలా కలపనివే కొనాలి. చిన్న ముక్కను రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి, లేదా నేరుగా ముళ్ల మీద ఉంచితే అది మెల్లగా నోటి దగ్గరికి చేర్చుకుంటుంది. వారానికి రెండు మూడు సార్లు పెట్టి, ఒక రోజులో ఎంత తింటుందో చూసి మోతాదు నిర్ణయించుకోవాలి. మిగిలిన ముక్కను తీసేయాలి. పాలకూర, క్యాబేజీ ఆకులు అత్యవసరానికి పనికొచ్చినా సముద్రపు నాచులోని పోషకాలు వాటిలో ఉండవు.

జబ్బు పడిందని ఎలా తెలుస్తుంది?

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ముళ్లు నిక్కబొడుచుకుని ఉంటాయి, తాకితే కదులుతాయి. ముళ్లు వాలిపోవడం, రాలడం, పెంకు మీద బోడి మచ్చలు పడటం ప్రమాద సూచనలు. అద్దాన్ని పట్టుకోలేక జారిపోవడం కూడా అంతే. వెల్లకిలా పడితే తిరిగి సర్దుకోవడానికి ఎంత సేపు పడుతోందన్నది దాని ఆరోగ్యానికి మంచి కొలత. ప్రయోగశాలల్లో శాస్త్రవేత్తలూ ఈ పద్ధతినే వాడతారు.

ముళ్లు రాలుతున్నాయంటే ముందు లవణత, ఉష్ణోగ్రత, నైట్రేట్ చూడాలి. తేడా ఉంటే ఒక్కసారిగా కాకుండా రెండు మూడు రోజుల్లో సరిచేయాలి. కొద్దిపాటి ముళ్లు పోయినా, పరిస్థితి మెరుగుపడితే మళ్లీ మొలుస్తాయి.

నీటిలో ఉన్నట్టుండి తెల్లటి లేదా పసుపు పొగలా కమ్ముకుంటే అది చావు కాకపోవచ్చు. సీ అర్చిన్లు అండాలను, వీర్యాన్ని నేరుగా నీటిలోకి వదులుతాయి. అప్పుడు యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, కొంత నీరు మార్చాలి. చనిపోయిందని తేలితే మాత్రం వెంటనే తీసేయాలి, కుళ్లితే ట్యాంక్ అంతటికీ అమ్మోనియా సమస్య వస్తుంది.

ముల్లు గుచ్చుకుంటే?

ట్యాంక్‌లో చేయి పెట్టేటప్పుడు మందపాటి గ్లవ్స్ వేసుకోవాలి. అయినా డయాడెమా ముళ్లు వాటిలోంచి దిగవచ్చు. ముల్లు విరిగి చర్మంలో ఉండిపోతే నొప్పి, వాపు, నల్లటి లేదా ఊదా రంగు మచ్చ కనిపిస్తాయి. భరించగలిగినంత వేడి నీటిలో, కాలకుండా చూసుకుంటూ, 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. పైకి కనిపించే ముక్కలను ట్వీజర్స్‌తో తీయాలి. లోతుగా దిగిన వాటిని కెలికితే మరింత ముక్కలవుతాయి. కీలు దగ్గర గుచ్చుకున్నా, వాపు పెరుగుతున్నా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెటనస్ టీకా గురించీ అడగాలి.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో 2001లో పలు సముద్ర జీవులను చేర్చారు. రీఫ్ కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు అప్పుడు చేర్చిన వాటిలో ఉన్నాయి. సముద్ర దోసకాయల దగ్గరి బంధువులే అయినా సీ అర్చిన్లకు ఆ రక్షణ ఇవ్వలేదు.

అయితే సీ అర్చిన్ చట్టం బయట ఉన్నంత మాత్రాన రీఫ్ ట్యాంక్ అంతా బయట ఉన్నట్టు కాదు. మన తీరంలో తీసిన రాతి పగడం, దాని ముక్క, పగడపు దిబ్బ నుంచి విరిచిన రాయి కొనడం చిక్కుల్లో పడేస్తుంది. సిమెంటు, సిరామిక్‌తో చేసిన కృత్రిమ రాళ్లు సురక్షితమైన మార్గం. కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, అండమాన్‌లోని వండూర్ వంటి సముద్ర జాతీయ పార్కుల నుంచి అనుమతి లేకుండా ఏ జీవిని తీసుకెళ్లినా నేరమే.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. తమిళనాడులోని మండపం వంటి కేంద్రాల్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ క్లౌన్ చేపలను ట్యాంకుల్లోనే పొదిగించే పద్ధతి అభివృద్ధి చేసింది. అలాంటి చేపను కొంటే సముద్రం నుంచి ఒక చేప తగ్గదు. సీ అర్చిన్ పిల్లలు వారాల తరబడి నీటిలో తేలే లార్వాలుగా గడుపుతాయి కాబట్టి వాటిని పెంచడం కష్టం. వ్యాపారంలో దొరికేవి చాలావరకు సముద్రంలో పట్టినవే.

సముద్రంలో వీటి అవసరం ఎంత?

దీనికి జవాబు కరీబియన్ సముద్రంలో దొరికింది. 1983 జనవరిలో పనామా దగ్గర డయాడెమా యాంటిలారమ్ అనే పొడవు ముళ్ల జాతి చనిపోవడం మొదలైంది. ఏడాదికి కొంచెం ఎక్కువ కాలంలోనే ఆ మహమ్మారి కరీబియన్ అంతా పాకి 90 శాతానికి పైగా జీవులను తుడిచిపెట్టింది. జమైకాలో అప్పటికే నాచు తినే చేపలను అతిగా పట్టేశారు, 1980లో అలెన్ తుపాను పగడాలను దెబ్బతీసింది. మిగిలిన కాపలాదారు కూడా పోవడంతో నాచు విజృంభించింది. 1970ల చివర్లో అక్కడి దిబ్బల్లో సగానికి పైగా ఉన్న సజీవ పగడం 1990ల నాటికి 5 శాతం లోపుకు పడిపోయింది.

2022లో అదే సముద్రంలో మరోసారి చావులు మొదలయ్యాయి. ఈసారి కారణం ఫిలాస్టర్ వర్గానికి చెందిన ఏకకణ పరాన్నజీవి అని 2023లో శాస్త్రవేత్తలు గుర్తించారు. మధ్యధరా తూర్పు తీరంలో, ఎర్ర సముద్రంలో మన దగ్గరా ఉండే డయాడెమా సెటోసమ్ కూడా పెద్దఎత్తున చనిపోయింది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి దాకా ఈ జబ్బు చేరినట్లు తర్వాతి పరిశోధనల్లో తేలింది.

హవాయిలో కథ మరోలా నడిచింది. కనియోహె అఖాతంలో బయటి నుంచి వచ్చిన నాచు పగడాలను కప్పేస్తుంటే, రాష్ట్ర ప్రభుత్వం హేచరీలో కలెక్టర్ అర్చిన్లను పెంచి 2011 నుంచి లక్షల్లో సముద్రంలో వదిలింది. అక్కడి ఆక్రమణ నాచుల్లో ఒకటైన కప్పాఫైకస్ సాగు కోసం మన దేశానికీ వచ్చింది. అది మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి పగడాల మీదికి పాకినట్లు 2008లో పరిశోధకులు నివేదించారు.

అందుకే పెంచలేకపోయిన జీవిని తిరిగి సముద్రంలో వదలడం దయ అనిపించుకోదు. పరాన్నజీవి, నాచు ముక్క, కొత్త జాతి ఏదైనా దాంతో పాటు వెళ్లవచ్చు. దుకాణానికి తిరిగి ఇవ్వడం, మరో పెంపకందారుకు అప్పగించడం సరైన పద్ధతి.

కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

ట్యాంక్ పెట్టి ఆరు నెలలు దాటిందా? లవణత, ఉష్ణోగ్రత వేసవిలోనూ నిలకడగా ఉంటున్నాయా? రాగి మందు ఎప్పుడైనా వాడారా? నాచు అయిపోయాక వారానికి రెండు మూడు సార్లు మేత పెట్టే ఓపిక ఉందా? ఈ జాతి ఎంత పెద్దదవుతుంది, ఎక్కడ పట్టారు అన్నది దుకాణదారు చెప్పగలిగారా? అమ్మకానికి ఉన్నది అద్దాన్ని గట్టిగా పట్టుకుని, ముళ్లు నిలబెట్టి ఉందా?

వీటిలో ఏ ఒక్కదానికి సరైన జవాబు లేకపోయినా కొనుగోలు వాయిదా వేయడం మంచిది. నాచు సమస్య ఒక్కటే అయితే మేత తగ్గించడం, నీళ్లు మార్చడం, బ్రష్‌తో రుద్దడం అన్నింటికంటే చౌక. ట్యాంక్ సిద్ధంగా ఉంటే మాత్రం సీ అర్చిన్ ఏళ్ల తరబడి బతుకుతుంది. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలోని ఎర్ర అర్చిన్లలో కొన్ని వందేళ్లు దాటినట్లు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇంటి ట్యాంక్‌లోని జీవి అన్నేళ్లు ఉండకపోవచ్చు గానీ, దాన్ని నెలల్లోనే పోగొట్టుకోవాల్సిన అవసరం లేదు.